టీ ఇస్తూ ఒక మాట అన్నందుకు నవ్వారు, పెళ్లికి ముందే ఈ పిచ్చి వదిలేయాలా అక్కా?

ప్రశ్న:

అక్కా, నమస్తే. నాకు 27 ఏళ్లు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాఘమాసంలో పెళ్లి. నేను చిన్నప్పటి నుంచి స్టార్ ట్రెక్ ఫ్యాన్‌ని, అదే, అంతరిక్ష నౌకలో గ్రహాలు తిరిగే అమెరికన్ టీవీ సిరీస్. మామూలు ఫ్యాన్‌ని కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు నాన్న ఆఫీసు పని మీద అమెరికా వెళ్లొస్తూ అందులో తర్వాత వచ్చిన నెక్స్ట్ జనరేషన్ సిరీస్ డీవీడీలు ఏడు సీజన్లూ తెచ్చారు. ప్రతి శనివారం రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం ఒక ఎపిసోడ్ చూసేవాళ్లం. 178 అయిపోయాక మళ్లీ మొదటి నుంచి. ఇప్పటికీ నాన్న సాయంత్రం ఇంటికి రాగానే కుర్చీలో వాలి అందులోని కెప్టెన్ పికార్డ్‌లా "టీ, ఎర్ల్ గ్రే, హాట్" అంటారు, నేను అల్లం టీ తెచ్చిస్తాను. మా ఇంట్లో అది మామూలే.

పోయిన నెల పెళ్లి బట్టల గురించి మాట్లాడటానికి నాకు కాబోయే ఆయనా, వాళ్లింటివాళ్లూ వచ్చారు. తనకు కప్పు ఇస్తూ అలవాటులో అదే మాట అనేశాను. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. కాబోయే ఆడపడుచు "అంటే ఏంటి?" అని అడిగితే చెప్పబోయాను, షెల్ఫ్‌లో ఉన్న వాళ్ల ఓడ ఎంటర్‌ప్రైజ్ మోడల్ కూడా చూపించాను, ఆవిడ పకపకా నవ్వేసింది. తను కూడా నవ్వుతూ "ఇంకా చిన్నపిల్లవేనా" అన్నారు. ఎక్కువ బాధ ఏంటంటే నాన్న పక్కనే కూర్చుని ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి మేం శనివారం ఎపిసోడ్ చూడట్లేదు, ఆయన అడగట్లేదు, నేనూ అడగట్లేదు. అమ్మేమో "ఆ బొమ్మలూ డీవీడీలూ సారెతో పంపేది లేదు" అంటోంది. తనకు క్రికెట్ పిచ్చి, ఎప్పుడో అయిపోయిన మ్యాచ్‌లు గంటలు గంటలు చూస్తారు, అది మాత్రం ఎవరికీ చిన్నపిల్లల చేష్టలా కనపడదు. నాలో ఏమైనా లోపం ఉందా అక్కా? ఇవన్నీ వదిలేయాలా?

పేరు వద్దు, హైదరాబాద్

సమాధానం:

ముందు నీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పేస్తాను, మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం. వదలక్కర్లేదు. నీలో లోపమేమీ లేదు. (నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, నాకు 51 ఏళ్లు, నిన్ను మీరు అనడానికి నోరు రావట్లేదు.)

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ ఆడపడుచు నవ్వు దగ్గర కోపం వచ్చింది, తను అన్న మాట దగ్గర ఇంకాస్త వచ్చింది, కానీ చదవడం ఆపేసి కాసేపు అలా కూర్చుండిపోయింది మాత్రం నాన్న ఒక్క మాట అనలేదు అన్నచోట. దాని గురించే చెప్పాలని ఉంది. అక్కడికి వెళ్లేలోపు నా సంగతి కొంచెం చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో నేను బయటిదాన్ని కాదు.

1980ల మధ్యలో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున స్టార్ ట్రెక్ వేసేవాళ్లు. పాతది, కెప్టెన్ కిర్క్, మొనదేలిన చెవులతో వేరే గ్రహం నుంచి వచ్చిన స్పాక్ ఉన్నది. మీ నాన్నగారిదీ ఇంచుమించు నా వయసే అయ్యుంటుంది, ఆయన కూడా అక్కడే మొదలుపెట్టి ఉంటారని నా అనుమానం, ఒకసారి అడిగి చూడు. మాకు టీవీ లేదు. చిక్కడపల్లిలో మేం అద్దెకున్న ఇంటి ఓనరు గారి ముందుగదిలో చెక్క షట్టరున్న బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది, పిల్లలందరం చాప మీద, మా నాయనమ్మ గుమ్మం దగ్గర పీట మీద. ఇంగ్లిష్ ఎవరికీ సరిగ్గా అర్థమయ్యేది కాదు. నాయనమ్మకు నేనే తెలుగులో కథ చెప్పాలి, నాకు అర్థమైంది పావు వంతయితే మిగతా ముప్పావు నేను అల్లిందే. మనుషులు మిణుకుమిణుకుమని కరిగిపోయి వేరే గ్రహం మీద తేలితే మేం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం, ఆవిడకు మాత్రం అందులో వింతేమీ కనపడలేదు, నారదుడు రోజూ చేసే పనే కదా అంది. (వారం వారం ఓడను ఒక గ్రహం మీద దించినట్టు చూపించడానికి డబ్బు చాలకే ఆ ట్రాన్స్‌పోర్టర్ పుట్టిందని నీకు తెలిసే ఉంటుంది. నాకు తెలిసేసరికి ముప్పై దాటాయి.) డాక్టర్ మెకాయ్ రోగి మీద ఏదో చిన్న పరికరం ఊపి జబ్బు చెప్పేస్తాడు కదా, మేం కుంకుమ భరిణె పట్టుకుని ఒకళ్లనొకళ్లం అలాగే పరీక్ష చేసుకునేవాళ్లం. తర్వాతెప్పుడో చదివాను, వాళ్లు వాడిన పరికరాల్లో కొన్ని నిజంగానే భోజనాల బల్ల మీద పెట్టుకునే ఉప్పు డబ్బాలట.

ఒకసారి స్పాక్ వేళ్లు విడదీసి చెయ్యెత్తి "లివ్ లాంగ్ అండ్ ప్రాస్పర్" అన్నాడు. ఓనరు గారబ్బాయి అర్థం చెప్పాడు. నాయనమ్మ వెంటనే "అయితే దీర్ఘాయుష్మాన్ భవ అన్నమాట, బుద్ధిమంతుడే" అంది, ఆ రోజు నుంచి చెవులబ్బాయి ఆవిడకు సొంత మనిషి అయిపోయాడు. ఆవిడ పోయేదాకా నేను సెలవులకు వెళ్లొస్తుంటే కాళ్లకు దండం పెట్టగానే ఆ వంకర వేళ్లను అలాగే విడదీసి చెయ్యెత్తేది. కీళ్లనొప్పులతో సరిగ్గా విడేవి కావు. ఇది రాస్తుంటే కూడా ఆ చెయ్యి కనపడుతోంది.

ఆ చెయ్యెత్తడం ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. స్పాక్ వేషం వేసిన లియొనార్డ్ నిమాయ్ బోస్టన్‌లో యూదుల ఇంట పుట్టినవాడు. చిన్నప్పుడు వాళ్ల ప్రార్థనామందిరంలో పూజారులు అందరినీ దీవించే సమయంలో ఎవరూ చూడకూడదని తండ్రి చెబితే ఈ పిల్లాడు ఆగలేక దొంగచాటుగా చూశాడు, వాళ్ల చేతులు, విడదీసిన వేళ్లు. 1967లో స్పాక్ సొంత మనుషులు పలకరించుకునే తీరు ఒకటి కావాల్సి వచ్చినప్పుడు ముప్పై ఏళ్ల కిందటి ఆ దీవెన తీసి పెట్టాడు. ఒక పిల్లాడు దొంగతనంగా చూసి దాచుకున్నది మా చిక్కడపల్లి గుమ్మం దాకా వచ్చి మా నాయనమ్మ చేతిలో ఆగింది. చిన్నప్పుడు మనసులో పడ్డదాన్ని పెద్దయ్యాక పారేయాలని ఎవరైనా అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

లోపం ఉందా అని అడిగావు కదా, అసలు ఈ సిరీస్ బతికిందే నీలాంటి వాళ్ల వల్ల. 1966 సెప్టెంబరులో అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్లో మొదలైతే రేటింగులు అంతంత మాత్రం, రెండో సీజన్ నడుస్తుండగానే ఆపేస్తారని వార్త వచ్చింది. అప్పుడు ఫ్యాన్స్ ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు, ఒకళ్లు పదిమందితో రాయించి, ఆ పదిమంది మరో పదిమందితో రాయించి, చివరికి 1968 మార్చిలో ఎపిసోడ్ అయిపోగానే ఛానెల్ వాళ్లే టీవీలో చెప్పుకోవాల్సి వచ్చింది, సిరీస్ ఆపట్లేదని. ఆ పని ముందుండి నడిపింది ఒక ఆవిడ, భర్తతో కలిసి, ఇంట్లో కూర్చుని. 1972 జనవరిలో న్యూయార్క్‌లో ఒక హోటల్లో ఫ్యాన్స్ మొదటి పెద్ద సభ పెట్టుకుంటే కొన్ని వందల మంది వస్తారనుకున్నచోట మూడు వేలకు పైగా వచ్చారు, అప్పటికి సిరీస్ ఆగిపోయి రెండేళ్లు దాటింది. 1976లో నాసా మొదటి స్పేస్ షటిల్‌కు వేరే పేరు అనుకుని కూడా, ఫ్యాన్స్ ఉత్తరాలతో ఎంటర్‌ప్రైజ్ అని పెట్టింది. వీళ్లలో చాలామంది ఉద్యోగాలు చేసుకునే, పిల్లల్ని పెంచుకునే పెద్దవాళ్లు. స్టార్ ట్రెక్ ఎప్పుడూ పిల్లలది మాత్రమే కాదు.

ఇంకా చెప్పమంటే చెబుతాను. షికాగోలో పెరుగుతూ పాత సిరీస్‌లోని నల్లజాతి ఆఫీసరు ఉహురాను చూసి తనూ ఆకాశంలోకి వెళ్లొచ్చనుకున్న మే జెమిసన్ 1992లో ఎండీవర్ స్పేస్ షటిల్‌లో వెళ్లింది, అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి నల్లజాతి మహిళ, అక్కడ తన షిఫ్టు మొదలుపెట్టేటప్పుడు ఉహురా మాటే అనేది, "హెయిలింగ్ ఫ్రీక్వెన్సీస్ ఓపెన్" అని. పనిలో, నాసాలో, అందరూ వింటుండగా. టీ కప్పు ఇస్తూ నువ్వు అన్నదానికీ దీనికీ తేడా ఏముంది? రోనాల్డ్ మూర్ సంగతి నీకు తెలిసే ఉంటుంది, చిన్నప్పటి నుంచి పాత సిరీస్ అంటే ప్రాణం, 1988లో నెక్స్ట్ జనరేషన్ సెట్ చూడటానికి వెళ్తూ ఒక స్క్రిప్ట్ రాసి పట్టుకెళ్లాడు, మరుసటి ఏడు అది ఎపిసోడ్‌గా వచ్చింది, 1994లో నువ్వూ నాన్నగారూ ఎన్నిసార్లు చూశారో లెక్కలేని ఆ ఆఖరి ఎపిసోడ్ రాసిన ఇద్దరిలో అతనొకడు.

కానీ ఒక్క మాట. ఈ పేర్లన్నీ మీ ఆడపడుచు ముందు చదివి గెలవాలని మాత్రం చూడకు. ఆస్ట్రోనాట్ అయితేనే మన ఇష్టానికి విలువ అన్నట్టు అవుతుంది అది, నువ్వు ఏదీ కాకపోయినా, జన్మంతా శనివారం రాత్రులు చూసి ఆనందించినా, అది చాలు. పరీక్షలకు పనికొస్తుందా, ఉద్యోగానికి పనికొస్తుందా అని మన ఇళ్లల్లో ప్రతిదాన్నీ తూకం వేస్తారు. ఒక్కదాన్నైనా తూకం వేయకుండా వదిలేయాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఐదో సీజన్లో రెండో ఎపిసోడ్, డార్మాక్. నీకు నోటికి వచ్చు, అయినా నీతో పాటు ఇది చదివేవాళ్ల కోసం చెప్పనీ. 1991లో వచ్చింది. టమేరియన్లు అని ఒక జాతి, వాళ్లు మాట్లాడే ప్రతి పదం యంత్రం అనువదించేస్తుంది, అయినా ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. ఎందుకంటే వాళ్లు ఏది చెప్పాలన్నా వాళ్ల కథల్లోంచే చెబుతారు. ఓడిపోయాం అనడానికి "గోడలు కూలినప్పుడు షాకా" అంటారు. తీసుకో, నీకే ఇస్తున్నా అనడానికి "టెంబా, చేతులు చాచి". ఆ షాకా ఎవరో, ఏ గోడలో తెలియనివాడికి అది ఒట్టి చప్పుడు. వాళ్ల కెప్టెన్ డేథన్, ఎలాగైనా మనసు కలుపుకోవాలని, పికార్డ్‌ను తనతో పాటు ఒక గ్రహం మీదకు దించి, రెండు కత్తుల్లో ఒకటి ఇవ్వబోతూ అంటాడు, "టనాగ్రాలో డార్మాక్, జలాద్". పికార్డ్ దాన్ని యుద్ధానికి పిలుపు అనుకుంటాడు. అతనేమో ఆ కథలో ఇద్దరు కలిసి ఒక మృగంతో పోరాడి స్నేహితులైనట్టు మనమూ అవుదాం అంటున్నాడు. రాత్రి చలిలో పికార్డ్ మంట రాజేసుకోలేకపోతుంటే డేథన్ తన నెగడులోంచి మండుతున్న కట్టె తీసి అతనివైపు విసురుతాడు. టెంబా, చేతులు చాచి. చివరికి మృగం దెబ్బకు డేథన్ చనిపోతూ ఉంటే పికార్డ్ ఆ మంట పక్కన కూర్చుని మన భూమ్మీది కథ చెబుతాడు, పాతకాలపు ఇద్దరు స్నేహితులు గిల్గమేష్, ఎంకిడుల కథ. అర్థమయ్యీ కానట్టు వింటూ పోతాడు అతను.

ఈ ఎపిసోడ్ తెలుగువాళ్లకు అర్థమైనట్టు ఎవరికీ అర్థం కాదని నేను ఘంటాపథంగా చెబుతాను. మనమూ టమేరియన్లమే కదా. "వాడిది శల్యసారథ్యం" అంటే చాలు, పక్కనే ఉండి ధైర్యం చెడగొట్టే రకమని తెలిసిపోతుంది. సైంధవుడిలా అడ్డుపడ్డాడంటాం, కుంభకర్ణుడి నిద్ర అంటాం, త్రిశంకు స్వర్గంలో వేలాడుతున్నామంటాం. కథ తెలియనివాడు నిఘంటువు ముందేసుకుని కూర్చున్నా త్రిశంకు ఎవరో, స్వర్గానికి వెళ్లి ఎందుకు వేలాడుతున్నాడో తేల్చుకోలేడు. టమేరియన్ల పద్ధతిలో చెప్పమన్నా చెప్పేస్తాం: "శల్యుడు, కర్ణుడి రథం మీద." "కృష్ణుడు, అటుకుల మూట విప్పుతూ." "శబరి, గుమ్మంలో." నువ్వూ నాన్నగారూ కూర్చుంటే ఒక సాయంత్రంలో వంద కడతారు.

మీ ఇంట్లో "టీ, ఎర్ల్ గ్రే, హాట్" అనేది అలాంటి మాటే. దాని అర్థం టీ పట్రా అని కాదు. ఇంటికొచ్చాను, నువ్వున్నావు, శనివారం దగ్గరపడింది, అదీ దాని అర్థం. దాని వెనక పద్దెనిమిదేళ్లు ఉన్నాయి. తనకు కప్పు ఇస్తూ నీ నోట్లోంచి అదే మాట వచ్చిందంటే, నువ్వు అలవాటులో అనేశానని రాశావు గానీ, నాకలా అనిపించలేదు. నాన్నకు తప్ప ఎవరికీ అనని మాట తనకు అన్నావు. నీ మనసు తనను ఇంట్లో మనిషి కింద లెక్కేసుకుంది. డేథన్ కత్తి అందించినట్టే నువ్వూ అందించావు, వాళ్లకు అందులో ఒట్టి చప్పుడే వినపడింది. నవ్వడం తప్పే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు, నలుగురిలో ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ దేన్ని చూసి నవ్వుతున్నాడో తనకు తెలియదు. నువ్వు కథ చెప్పలేదు కదా ఇంకా.

ఇక క్రికెట్ గురించి రాశావే, అక్కడ నీ బాధ న్యాయమైనదే, మగవాడు పాత మ్యాచ్ చూస్తే అభిరుచి, ఆడపిల్ల పాత సిరీస్ చూస్తే చిన్నతనం, ఈ లెక్క ఎక్కడిదో నాకూ అర్థం కాదు. కానీ ఆ వాక్యంలో కొంచెం చిన్నచూపు కూడా ఉంది, చూసుకో. తను మళ్లీ మళ్లీ చూసేవాటిలో 2001 కోల్‌కతా టెస్టు తప్పకుండా ఉంటుంది. మనం 171కి కుప్పకూలి, ఫాలోఆన్ ఆడుతూ, అప్పటికి వరసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా ముందు ఇంక అయిపోయిందనుకున్నప్పుడు, మన హైదరాబాదీ లక్ష్మణ్, ద్రవిడ్ నాలుగో రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్ పడనీయకుండా ఆడారు. లక్ష్మణ్ 281, ద్రవిడ్ 180, భాగస్వామ్యం 376, చివరికి గెలిచాం. అప్పటికి తనది పసితనం అయ్యుంటుంది, వాళ్ల నాన్నో బాబాయో పక్కన కూర్చోబెట్టుకుని చెబితేనే తెలిసి ఉంటుంది, శనివారాలు నీకెలాగో అలాగే. ఆఫీసులో ఏదైనా ప్రాజెక్టు మునిగిపోతుంటే క్రికెట్ వాళ్లు ఏమంటారు? "ఈడెన్ గార్డెన్స్‌లో లక్ష్మణ్, ద్రవిడ్."

టనాగ్రాలో డార్మాక్, జలాద్.

చూశావా, పేర్లు మార్చి పెట్టినట్టు లేదూ? ఇద్దరు మనుషులు, ఒక చోటు, ఎదురుగా ఒక మృగం, రోజంతా. తను కూడా నీ భాషే మాట్లాడుతున్నాడు తల్లీ, కథలు వేరు, అంతే. అందుకని ముందు నువ్వే అడుగు, ఆ మ్యాచ్ నాకు చూపించు, మొదటిసారి నీకు ఎవరు చూపించారో చెప్పు అని. నిజంగా తెలుసుకోవాలనే అడుగు, బేరం కింద కాదు. తర్వాత నీ ఎపిసోడ్ చూపించు.

ఏది చూపించాలో కూడా చెబుతాను, ఇందులో చాలామంది తప్పు చేస్తారు. మొదటి సీజన్‌తో మొదలుపెట్టకు, మనకు ప్రేమ కాబట్టి సరిపెట్టుకుంటాం గానీ 1987 నాటి ఆ ఎపిసోడ్లు కొత్తవాళ్లను పారిపోయేలా చేస్తాయి. డార్మాక్ చూపించు, లేదా రెండో సీజన్‌లో డేటా అనే మరమనిషి మనిషా యంత్రమా అని విచారణ జరుగుతుందే, అది చూపించు. 45 నిమిషాలే. మధ్యలో ఆపి వివరించకు. తన మొహంలోకి చూస్తూ కూర్చోకు, నచ్చిందా నచ్చిందా అని. అయిపోయాక నాన్నకూ నీకూ ఆ టీ మాట ఎలా మొదలైందో చెప్పు, తొమ్మిదేళ్ల పిల్ల సంగతి చెప్పు, నాకు రాసినట్టే. తనకు ఎపిసోడ్ నచ్చకపోయినా ఏం పర్లేదు, చాలామందికి నచ్చదు, నచ్చి తీరాలని కూడా లేదు. ఆ పిల్ల నచ్చాలి. అంతా చెప్పాక కూడా, నీకు కష్టంగా ఉందని తెలిశాక కూడా, నలుగురినీ నవ్వించడానికి మళ్లీ అదే ఎత్తితే, అప్పుడు సంగతి వేరు, పెళ్లికి ముందే కూర్చుని గట్టిగా మాట్లాడుకోవాల్సిన విషయం అది, సర్దుకుపోదాంలే అని ఊరుకోవద్దు. కానీ అంతదాకా వస్తుందని నాకనిపించట్లేదు.

దాచడం గురించి మాత్రం నా మాట విను, ఎందుకంటే ఆ పని నేను చేశాను. నా దగ్గర రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉండేది, బ్రౌన్ అట్ట వేసి, ఆదివారం ఆదివారం కథ నాకు అర్థమైనంత రాసి, పక్కన బొమ్మ గీసి. ఓడ బొమ్మ ఎన్నిసార్లు గీశానో. పెళ్లప్పుడు సిగ్గనిపించి అత్తారింటికి తీసుకెళ్లలేదు, పుట్టింట్లో అటక మీద పెట్టాను, ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లతో పాటు కాటాకు వెళ్లిపోయింది. ఎవరినీ ఏమీ అనలేదు, అనడానికి ఎవరికైనా చెప్పి ఉంటే కదా. పదకొండేళ్ల తర్వాత మా అబ్బాయితో కలిసి నెక్స్ట్ జనరేషన్ చూస్తూ, నాకు తెలియకుండానే స్పాక్ గురించీ నాయనమ్మ గురించీ వాడికి చెబుతుంటే, మా ఆయన గుమ్మంలో నిలబడి అంతా విని, "ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదే" అన్నారు. కోపం కాదు, చిన్నబుచ్చుకున్నారు. నవ్వుతారని నేను అనుకోవడమే తప్ప, ఆయనకు ఒక్క అవకాశం కూడా ఇవ్వలేదు నేను. ఆ నోట్‌బుక్ ఆయనకు చూపించి ఉంటే ఎలా ఉండేదో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

ఇక నాన్నగారు.

ఆయన సిగ్గుపడి ఊరుకున్నారని నువ్వు అనుకుంటున్నావు. నాకు అలా తోచట్లేదు. ఆడపిల్ల తండ్రి, ఎదురుగా వియ్యాలవారు, ఒక్క మాట ఎక్కువైతే పిల్లకు అక్కడ ఎలా ఉంటుందో అని గుటకలు మింగుతూ కూర్చుని ఉంటారు. దానికి తోడు, తను నేర్పిన మాట వల్లే కదా బిడ్డ నవ్వులపాలైంది అని లోపల్లోపల కుమిలిపోతూ ఉండొచ్చు. ఆ తర్వాత శనివారం పిలవకపోవడం కూడా అందుకే అని నా నమ్మకం, ఇంకా అలవాటు చేస్తే నీకే కష్టమని. పైగా ఈ పెళ్లితో నీకు ఒక ఇల్లు దొరుకుతోంది, ఆయనకు మాత్రం శనివారం రాత్రి పక్క కుర్చీ ఖాళీ అవుతోంది. ఈ మాట ఏ తండ్రీ నోరు తెరిచి చెప్పడు. గోడలు కూలినప్పుడు షాకా. ఆయన మౌనాన్ని నువ్వూ తప్పుగా చదివావేమో, పికార్డ్ ఆ కత్తిని చదివినట్టు.

అందుకని తనతో మాట్లాడటానికి ముందే ఈ శనివారం నాన్నగారి దగ్గరికి వెళ్లు. ఆ రోజు గురించి అడగకు, ఎందుకు ఊరుకున్నావని నిలదీయకు. భోజనాలయ్యాక డీవీడీ పెట్టు, డార్మాక్ కాకపోయినా ఆ సీజన్ చివర్లో పికార్డ్ వేరే గ్రహం మీద ఒక జీవితం మొత్తం బతికి, పిల్లల్ని పెంచి, పెళ్లిళ్లు చేసి, మెలకువ వచ్చాక ఒక్క పిల్లనగ్రోవితో మిగిలిపోతాడే, అది పెట్టినా సరే. ఇద్దరూ ఏడుస్తారు, ఏడవండి. మాఘమాసం వచ్చేలోపు ఇంకా కొన్ని శనివారాలు ఉన్నాయి, ఒక్కటీ పోనీయకండి.

సామాను గురించి అమ్మతో గొడవ పడకు, పెళ్లి పనుల్లో ఆవిడకు ఉన్న టెన్షన్ చాలు. ఎంటర్‌ప్రైజ్ మోడల్‌ను నీ బట్టల సూట్‌కేసులో చీరల మధ్య పెట్టుకుని వెళ్లు, ఎవరూ చూడరు, అక్కడికి వెళ్లాక తనతోనే ఒక చోటు చూపించమను. డీవీడీల్లో ఆరు సీజన్లు నీతో తీసుకెళ్లు. ఐదో సీజన్ పెట్టె మాత్రం నాన్నగారి దగ్గరే ఉంచు. అది చూడాలనిపించినప్పుడల్లా ఇద్దరూ కలిసి మీ పుట్టింటికి వెళ్లండి. బయల్దేరేముందు నాన్నకు ఫోన్ చేసి, ఈసారి ఆ మాట నువ్వు అను, టీ ఆయన్ని పెట్టమను, మూడు కప్పులు.